మెరుపు వద్దన్న షెడ్డు: పాత ఫియట్ రిపేరు మీద నా రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తాను, అంతా చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. పనికి ఐదుకి నాలుగున్నర. టైముకి ఒకటి. లెక్కలు, కాగితాలు, ఫొటోల విషయానికొస్తే సున్నా ఇవ్వాలి గానీ ఆ షెడ్డు మేస్త్రి మొహం చూసి అర మార్కు వేస్తున్నాను. అయినా నా దగ్గర ఇంకో పాత కారు ఉంటే మళ్లీ అక్కడికే తోలుకెళ్తాను. తణుకు నుంచి అత్తిలి మీదుగా భీమవరం వెళ్లే దారిలో, కాలువ గట్టు పక్కన రేకుల షెడ్డు అది. బోర్డు ఎండకి వెలిసిపోయి పేరు సగమే కనిపిస్తుంది. మిగతా సగం నేనూ రాయను, ఆయన ఇప్పుడే ఫోను ఎత్తడు, ఇంకో నలుగురు చేశారంటే స్విచ్చాఫ్ చేసి కూర్చుంటాడు. ఆ చుట్టుపక్కల ఏ స్పేర్ పార్టుల కొట్లోనైనా పాత కార్లు చేసే బాబాయ్ గారి షెడ్డు ఎక్కడండీ అని అడిగితే చెయ్యి చూపిస్తారు.

నేను ఇచ్చిన బండి మా పెదనాన్న గారిది, 1973 ప్రీమియర్ ప్రెసిడెంట్. పేరు చెప్తే "అదేం కారండీ?" అంటారు, చూపిస్తే "ఓస్, పద్మినీయే కదా" అంటారు. ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ఇటలీ ఫియట్ 1100ని ఇక్కడ తయారుచేసేవాళ్లు. ముందు దాన్ని ఫియట్ 1100 డిలైట్ అన్నారు, 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అని మార్చారు, 1974 నుంచి పద్మిని అన్నారు, ఇక ఆ పేరుతోనే ఇంకో పాతికేళ్లు లాగారు. ఇంజను అదే 1089 సీసీ, స్టీరింగు పక్కన ఉండే హ్యాండు గేరు కూడా అదే. అంటే ప్రెసిడెంట్ అనే పేరు రెండేళ్ల ముచ్చట. మా బండికి ముందువైపు పద్మిని బ్యాడ్జీ ఉండేది, మధ్యలో ఎప్పుడో ఎవరో రిపేరులో తగిలించారు. కారు షెడ్డులోకి వెళ్లగానే బాబాయ్ చూసింది ఇంజను కాదు, ఆ బ్యాడ్జీ. "ఇది తవరిది కాదండి" అన్నాడు. తర్వాత డిక్కీలో గోనె సంచి కింద సామాన్లన్నీ దులిపితే అసలు బ్యాడ్జీ ఒక ముక్క విరిగి దొరికింది. ఆ విరిగిన ముక్కనే అతికించి పెట్టించాడు, కొత్తది చేయిస్తానంటే వద్దన్నాడు. ఈ షెడ్డు ఎలాంటిదో తెలియడానికి ఇదొక్కటి చాలు.

మా అన్నయ్య కొడుకు రాసిచ్చిన లిస్టు వేరు. ఏసీ, అల్లాయ్ వీల్సు, పవర్ స్టీరింగు, మెటాలిక్ పెయింటు, డ్యాష్‌బోర్డు మీద టచ్ స్క్రీన్. కుదిరితే ఏదైనా డీజిల్ ఇంజను, మైలేజీ కోసం. వాడి ఉద్దేశం ఏంటంటే పాత కార్లకి ఇప్పుడు కోట్లు పలుకుతున్నాయి కదా, మనదీ కొత్తదానిలా మెరిపించేసి పాత కార్లు సేకరించే ఏ హైదరాబాదు ఆసామికో అమ్మేద్దామని. బాబాయ్ ఆ లిస్టు రెండుసార్లు చదివి మడతపెట్టి వాడి చేతికే ఇచ్చేశాడు. "ఆయ్, చేయలేక కాదండి, అన్నీ చేస్తాం. చేశాక దీన్ని పాత కారని మాత్రం అనకండి. అప్పుడిది పాత రేకులో కొత్త కారండి. తవరు డబ్బుల కోసమే అయితే దీన్ని ఇలాగే వదిలేస్తే రెండు రూపాయలు ఎక్కువొస్తాయి." మా వాడు ఖంగుతిన్నాడు. నాకు మాత్రం ఆ మాటతోనే షెడ్డు మీద గురి కుదిరింది, ఎందుకంటే ఊళ్లో దాకా ఎందుకు, పెద్ద ఊళ్లలో పెద్ద బోర్డులు పెట్టుకున్నవాళ్లు కూడా ఈ మాట చెప్పరు, చెబితే బిల్లు తగ్గిపోతుంది కదా.

ఆయన చెప్పింది ఎంత నిజమో ప్రపంచంలో పెద్ద వేలంపాటలు చూస్తే తెలుస్తుంది. ఇప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువ ధర పలికిన కారు మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉలెన్‌హాట్ కూపే. 1955లో చేసినవి రెండే రెండు. అందులో ఒకటి 2022 మేలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మెర్సిడెస్ మ్యూజియంలోనే 13.5 కోట్ల యూరోలకి పోయింది, మన లెక్కలో దాదాపు 1,100 కోట్లు. ఫెరారీ 250 జీటీఓ ఇంకోటి. 1962-64 మధ్య చేసినవి 36. 2018లో అమెరికాలో మోంటెరీ వేలంలో ఒకటి 4.84 కోట్ల డాలర్లకి అమ్ముడైంది. కొత్తగా ఉన్నప్పుడు అదే కారు అమెరికాలో సుమారు 18 వేల డాలర్లు, రేసుల కాలం అయిపోయాక కొన్నేళ్లు పాత రేసు బండి కింద చవగ్గా చేతులు మారింది కూడా.

తక్కువ చేశారు కాబట్టి ధర ఎక్కువ అని అక్కడితో సరిపెట్టుకుంటే పప్పులో కాలేసినట్టే. మా పెదనాన్న పక్కవీధి ఆయన పాత ఇనుముతో సొంతంగా ఒక బండి కట్టుకున్నాడు, ప్రపంచంలో అలాంటిది ఒక్కటే ఉంది, ఎవడైనా కొంటాడా? తక్కువ ఉండాలి, దాంతోపాటు జనం దాని కోసం ఎగబడాలి. జీటీఓ 1962, 63, 64 మూడేళ్లూ తన తరగతిలో ప్రపంచ చాంపియన్‌షిప్ కొట్టింది, ఎవరికి అమ్మాలో కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ స్వయంగా చూసుకునేవాడని చెప్తారు, ఆపైన దాని రూపం. ఉలెన్‌హాట్ కూపే సంగతి ఇంకా విచిత్రం, అది ఒక్క రేసులో కూడా పోటీ చేయలేదు. 1955లో లె మాన్ రేసులో ఘోర ప్రమాదం జరిగి ఎనభై మందికి పైగా పోయారు, ఆ ఏడాది చివర మెర్సిడెస్ రేసులే మానేసింది, దాంతో ఈ రెండు కార్లూ మ్యూజియం సొత్తు అయిపోయాయి. అమ్మకానికి ఎప్పుడూ రాదనుకున్నది వచ్చేసరికి ఆ ధర. మరోపక్క 1961లో జెనీవాలో చూపించిన జాగ్వార్ ఈ-టైప్ 70 వేలకి పైనే చేశారు, అయినా మంచి ఈ-టైప్‌కి ఇవాళ్టికీ గిరాకీ తగ్గలేదు, చూడగానే మనిషి ఆగిపోయేంత అందం కాబట్టి. పదులు చేశారా వేలు చేశారా అనే లెక్క కన్నా, ఎంతమంది కావాలనుకుంటున్నారు, అందులో ఎన్ని బాగా మిగిలాయి అన్నదే లెక్క.

ఈ లెక్కలో మన అంబాసిడర్ ఎక్కడుంది? బాబాయ్ షెడ్డులో ఆ రోజు వరసగా నిలబెట్టి ఉన్నవాటిలో ఎక్కువ అవే. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ 1957 నుంచి అంబాసిడర్ అని చేసింది, 2014 మేలో ఆపేసింది. 2017లో ఆ పేరుని మాత్రమే, ఒక్క బోల్టు కూడా కాదు, ఉత్త పేరుని ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొంది. పేరుకే అంత ఉంటే బండికి ఎంత ఉండాలీ అని వాట్సాప్‌లో లెక్కలు కట్టినవాళ్లని నేను చూశాను. అంబాసిడర్లు లక్షల్లో చేశారు. మన జిల్లాల్లో అయితే వాటిలో చాలా టాక్సీలు అయ్యాయి, పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను వేశారు, కొందరు గ్యాసు కిట్టు పెట్టారు, పాత మార్క్ 2 మోడలుకి తర్వాత వచ్చిన మార్క్ 4 బానెట్టు, గ్రిల్లు తగిలించారు. అప్పట్లో అది బతుకుతెరువు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఈ రోజు కొనడానికి వచ్చేవాడు ముందుగా చూసేది ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీలో ఉన్నవాటితో కలుస్తున్నాయా అని. కలవకపోతే అదే కారు ధర బాగా పడిపోతుంది, బయట ఎంత మెరుస్తున్నా సరే. షెడ్డులో ఒక 1960ల నాటి మార్క్ 2, అసలు 1489 సీసీ పెట్రోలు ఇంజనుతోనే ఉంది, మూలన ధాన్యం బస్తాల పక్కన దుమ్ము పట్టి. ఎవరో వచ్చి అడిగారంట, బాబాయ్ ఆ యజమానిని ఒప్పించి ఆపాడు. "కడగొద్దన్నానండి, చూసేవాళ్లు దుమ్ము చూసి నమ్ముతారు" అంటాడు. ఇందులో కొంచెం వ్యాపారం తెలివి కూడా ఉందనుకోండి.

అసలు ఇంజను ఉండటం ఒక ఎత్తు, ఆ బండి ఎవరిదో ఎక్కడిదో తెలియడం ఇంకో ఎత్తు. సముద్రంలో పట్టిన విలసని ఎవరూ పట్టించుకోరు, అదే చేప వరద నీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చిందంటే పులస అయిపోయి వేలు పలుకుతుంది. కార్లలో దాన్నే చరిత్ర అంటారు. 1968లో ఒక హాలీవుడ్ సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ తోలిన ఫోర్డ్ ముస్తాంగ్‌ని 1974లో ఒక కుటుంబం 6 వేల డాలర్లకి కొని ఇంటి వాడకానికి పెట్టుకుంది. మెక్‌క్వీనే ఉత్తరం రాసి తిరిగి అమ్మమన్నా ఇవ్వలేదు. 2020 జనవరిలో అది ఫీజులతో కలిపి 37 లక్షల డాలర్లకి పైగా పలికింది. పెయింటు వేయలేదు, డెంట్లు తీయలేదు, షూటింగులో కెమెరాలు బిగించడానికి కొట్టిన రంధ్రాలు కూడా అలాగే ఉన్నాయి. ఆ రంధ్రాలు పూడ్పించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మనకి దగ్గరలో చూడాలనుకుంటే హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపు రోల్స్‌రాయిస్ ఉంది, ఊరేగింపులకి తప్ప పెద్దగా తిరగని బండి. ఈసారి వెళ్తే సెల్ఫీ తీసుకుని వచ్చేయకుండా దాని తలుపులు, లోపలి పనితనం చూడండి.

ఇక పని సంగతి. డెల్టాలో పాత కారుకి శత్రువు తుప్పు. గాల్లో తేమ, తీరం వైపు ఉప్పు గాలి, ఇప్పుడు రొయ్యల చెరువులు తవ్వాక ఆ ఉప్పు ఇంకా లోపలికి వచ్చింది. మాది వశిష్ఠ గోదావరి గట్టు పక్క ఊరు, 1986 ఆగస్టు వరదలో కారు తలుపుల దాకా మునిగింది. ఆ సంగతి నేను చెప్పకముందే బాబాయ్ కనిపెట్టాడు. తలుపుల కింద ఉండే బాక్సులు కోస్తే లోపల గట్టిపడిన ఎర్ర ఒండ్రు, గుప్పెళ్లకొద్దీ. "ఎనభయ్యారు" అన్నాడు, ఇంకేం అడగలేదు. ఫ్లోరు రెండువైపులా పోయింది, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట జల్లెడ అయిపోయింది, వెనక స్ప్రింగు పట్టీలు తగిలే చోట చెయ్యి పెడితే రేకు పొడిగా రాలింది. ఇలాంటిచోట చాలామంది చేసే పని లప్పం. తుప్పు మీద లప్పం రుద్ది, ప్రైమరు కొట్టి, పైన పెయింటు కొడితే అమ్మేదాకా బాగానే ఉంటుంది, రెండో వర్షాకాలానికి పొంగుతుంది. ఇక్కడ తుప్పు ఉన్నంత మేర కోసేసి, కొత్త రేకు పాత అచ్చుకి వంచి అతికించారు. టింకరింగ్ చేసే కుర్రాడు, ఇరవయ్యేళ్లు ఉంటాయేమో, పాత ఫ్లోరులో ఉన్న నిలువు గాడులు కూడా కొత్త రేకులో సుత్తితో తీశాడు. పైన కార్పెట్ వేస్తే ఎవడికీ కనపడవు. "కనపడకపోయినా ఉండాలంటాడండి ఆయన" అని నవ్వాడు. ఆ కుర్రాడికి నా తరఫున ఇంకో అర మార్కు.

పెయింటు దగ్గరే మా ఇంట్లో పెద్ద గొడవ అయింది. నాకు గుర్తున్నంతవరకు బండి ముదురు నీలం. బాబాయ్ డ్యాష్‌బోర్డు లోపలి అంచు, గ్లవ్ బాక్సు వెనక గీకి చూపిస్తే లేత ఆకుపచ్చ బయటపడింది, ఫ్యాక్టరీలో వేసింది అదే. మా పెదనాన్న గారికి నీలం అంటే ఇష్టమై ఎప్పుడో మార్పించారంట. మా వాడికి నీలమే కావాలి, ఆయన జ్ఞాపకం అని. అమ్మే ఆలోచన ఉంటే ఆకుపచ్చ, ఉంచుకునే ఆలోచన ఉంటే మీ ఇష్టం అన్నాడు బాబాయ్. చివరికి ఆకుపచ్చే వేయించాం, గ్లవ్ బాక్సు వెనక గీకినచోటు మాత్రం ముట్టుకోకుండా వదిలేయించాం, రేపు ఎవరైనా రంగు మార్చారా అని అడిగితే చూపించడానికి. రంగు తేడా రాకుండా ఆ పాత ముక్క దగ్గర పెట్టుకుని కలిపిన పెయింటరు పని నిజంగా బాగుంది. పగటి వెలుగులో ఎంత వెతికినా మచ్చ కనపడలేదు.

సామాను ఎక్కడ దొరుకుతుందనేది ఈ కార్లలో ధరని తేల్చే ఇంకో విషయం. ఎంత గొప్ప కారైనా ఒక గేరు పళ్లచక్రం కోసం ఏడాది ఎదురుచూడాల్సి వస్తే కొనేవాడు వెనకాడతాడు. ఫియట్‌కి ఆ బాధ తక్కువ. ముంబైలో నలుపు-పసుపు పద్మిని టాక్సీలు ఇరవయ్యేళ్ల నిబంధన వల్ల 2023 అక్టోబరుతో రోడ్డు మీద నుంచి పూర్తిగా తప్పుకున్నాయి, కానీ అప్పటిదాకా దశాబ్దాలుగా వేల టాక్సీలు తుక్కుకి పోతూ వచ్చాయి కాబట్టి వాటి సామాను ముంబైలోనూ, చెన్నై పుదుపేటలోనూ, మన విజయవాడ ఆటోనగర్‌లోనూ ఇప్పటికీ దొరుకుతోంది. కింగ్ పిన్ సెట్టు, బ్రేకు మాస్టర్ సిలిండరు, డోర్ రబ్బర్లు అలాగే వచ్చాయి. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు, ఆ ఒక్క విండ్‌షీల్డ్ బీడింగు మాత్రం ఎక్కడా సరిగ్గా అతకలేదు, అక్కడ ఇప్పటికీ వానలో ఒక చుక్క కారుతుంది. చెబితే "ఫియట్ కదండి" అన్నాడు. అదొక సమాధానమా?

పెట్రోలు గురించి ఆయన చెప్పింది పాత బండి ఉన్న ప్రతివాళ్లూ రాసిపెట్టుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మన తేమలో బండి నెలల తరబడి నిలబెడితే ట్యాంకు అడుగున తుప్పు మొదలవుతుంది. పాత రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపులో ఉండే డయాఫ్రం అనే పల్చటి పొర మెత్తబడి పోతాయి. అందుకని ఆయన పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకం వేశాడు, పంపు రిపేరు కిట్టు మార్చాడు, ట్యాంకు విప్పి లోపల శుభ్రం చేశాడు. ఇక్కడ అసలు పైపులే ఉండాలని పట్టుబట్టలేదు, మంటలంటుకునే చోట ఒరిజినల్ ఏంటండీ అన్నాడు. నిలబెట్టేముందు ట్యాంకు నింపి ఉంచమన్నాడు, ఖాళీ ఉంటే లోపల గాలిలో తేమ చేరుతుందని. మనం పండించిన చెరకే మన బండిని తింటుందన్నమాట.

కాగితాల సంగతి కూడా ఈ షెడ్డుకి వెళ్లేముందు తెలుసుకోవాలి. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల రూల్సు మార్చి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, కార్లని వింటేజ్ వాహనాలుగా గుర్తించింది. కొత్తగా రిజిస్టరు చేసేవాటికి వీఏ అనే అక్షరాలతో ప్రత్యేక సిరీస్ నంబరు, ఇదివరకే రిజిస్టరైనవాటికి పాత నంబరే ఉంచుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు, తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కి 5 వేలు ఫీజు. షరతు ఏంటంటే బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. మా వాడి లిస్టు ప్రకారం చేయించి ఉంటే 1973 బండి అయినా ఈ దారి మూసుకుపోయేది. ఇంకో మాట, వింటేజ్ కింద రిజిస్టరు చేయిస్తే రోజువారీ తిరగడానికి వీల్లేదు, అద్దెకి ఇవ్వడానికీ వీల్లేదు, ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేరు, అంతే. కోనసీమలో పెళ్లి ఊరేగింపులకి, పాతకాలం సినిమాల షూటింగులకి అద్దెకిచ్చి నాలుగు డబ్బులు చేసుకుందాం అనుకునేవాళ్లు అందుకే ముందు కూర్చుని ఆలోచించుకోవాలి. మాకు బండి ఎప్పుడు కావాలంటే అప్పుడు తిప్పుకోవాలని మోజు, అందుకని మేము ప్రస్తుతానికి మామూలు ఆర్‌సీ రెన్యువల్‌తోనే నడుపుతున్నాం.

ఇప్పుడు తిట్లు. దసరాకి ఇస్తానన్న కారు ఉగాది దాటాక చేతికొచ్చింది. ఫోను చేస్తే ఎత్తడు, ఎత్తితే "రేపు రండి బాబూ" అంటాడు, ఆ రేపు ఏ రేపో ఆయనకీ తెలీదు. ఎస్టిమేటు నోటిమాట, నాలుగు లక్షలు అన్నది ఐదున్నర దాటింది. తుప్పు విప్పాకే తెలుస్తుందన్న మాట నిజమే, నేను కాదనను, కానీ పెరిగినప్పుడల్లా ఒక మాట చెప్పాలి కదా. బిల్లు అంటే సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసిన అంకెలు. బంపర్ల క్రోమియం పని బయటికి ఇచ్చారు, అది పసుపు ఛాయతో వచ్చింది, మళ్లీ చేయించడానికి మళ్లీ డబ్బు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది ఫొటోల దగ్గర. ఇంత శ్రద్ధగా పాతది పాతగా ఉంచిన మనిషి, చేసిన పనికి ఒక్క ఫొటో దాచలేదు. కోసేసిన పాత ఫ్లోరు ముక్కలు, 86 వరద ఒండ్రు ఉన్న బాక్సు రేకు, అన్నీ తుక్కువాడికి కేజీల లెక్కన వేసేశాడు. వేలంలో ఈ కార్ల పక్కన లావుపాటి ఫైలు పెడతారు, ఎప్పుడు ఏ భాగం ఎవరు విప్పారు, ఏది మార్చారు, ఏది మార్చలేదు, పాత బిల్లులు, పాత ఫొటోలు. ఆ ఫైలు ఉన్న కారుకీ లేని కారుకీ ధరలో చాలా తేడా. ఈయన చేతి పనిలో ఉన్నది మొత్తం ఆ ఫైలులోకి ఎక్కాల్సిందే, ఎక్కించేవాడు లేడు. నేను వెళ్లినప్పుడల్లా ఫోన్లో తీసుకున్నవి, మా పెదనాన్న గారి ట్రంకు పెట్టెలో దొరికిన బుకింగ్ రసీదు, అప్పటి ఇన్సూరెన్సు కాగితాలు, ఇవే మా ఫైలు. మీరు వెళ్తే మొదటి రోజే చెప్పండి, విప్పిన ప్రతి ముక్కా నాకే ఇవ్వాలి, తుక్కయినా సరే అని. చెబితే ఇస్తాడు, చెప్పకపోతే ఆయనకి తట్టదు.

డబ్బు వస్తుందా అంటే, మా బండి మీద పెట్టిన ఐదున్నర లక్షలు ఇవాళ అమ్మితే రావు. మా వాడికి ఇది మింగుడు పడటం లేదు. ఫియట్లు ఇంకా చాలా ఉన్నాయి, ప్రెసిడెంట్ అనే రెండేళ్ల పేరుకి విలువ కట్టేవాళ్లు ఉన్నారు గానీ తక్కువ. పైగా ధరలు పైకే పోతాయన్న గ్యారంటీ కూడా లేదు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ పోయాక ఫెరారీల ధరలు ఆకాశానికి వెళ్లాయి, 90ల మొదట్లో ఢామ్మని పడ్డాయి, అప్పుడు అప్పు చేసి కొన్నవాళ్లు చాలా పోగొట్టుకున్నారు. ధర పెరిగేది చిన్నప్పుడు గోడమీద బొమ్మ అంటించుకున్న తరం చేతికి డబ్బు వచ్చినప్పుడు. అమెరికాలో 25 ఏళ్లు దాటిన విదేశీ కారుని దిగుమతి చేసుకోనిస్తారు, అందుకే 1999లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ కోసం అక్కడి కుర్రాళ్లు ఏళ్ల ముందు నుంచే కాచుకుని కూర్చున్నారు. మన దగ్గర అదే పని యమహా ఆర్‌ఎక్స్ 100 చేస్తోంది. 1985 నుంచి 1996 దాకా చేశారు, పొగ నిబంధనలు కట్టుదిట్టం అయ్యేసరికి టూ స్ట్రోకు బండ్ల కాలం అయిపోయింది, ఇప్పుడు భీమవరంలో ఒరిజినల్ ట్యాంకు, సైలెన్సరు ఉన్న ఆర్‌ఎక్స్ కోసం కొత్త బండి కన్నా ఎక్కువ ఇస్తామనే కుర్రాళ్లున్నారు. బాబాయ్ షెడ్డులో మూలన రెండు నిలబెట్టుకున్నాడు. అమ్మమంటే నవ్వుతాడు. ఇంకో పదేళ్లకి మొదటి బ్యాచ్ మారుతి 800ల వంతు వస్తుందని నా అంచనా, 1983 డిసెంబరులో మొదలైన ఆ చదరపు మోడలు ఎవరి దగ్గరైనా పాకలో ఉంటే తుక్కుకి వేయకండి, ముఖ్యంగా డీజిల్, గ్యాసు ప్రయోగాలు చేయకండి.

కాబట్టి అమ్మే ఉద్దేశంతో, తొందరగా, అద్దంలా మెరిసేలా కావాలనుకునేవాళ్లు ఈ షెడ్డుకి వెళ్లొద్దు, ఇద్దరి టైమూ వేస్టు. ఉంచుకునే బండి, కుదురుగా ఆగగలిగే మనసు ఉంటే వెళ్లండి. వెళ్లేవాళ్లు సంక్రాంతి అయ్యాక ఇవ్వండి, తొలకరి పడ్డాక ఇస్తే పెయింటు ఆరదు, ఆరకపోతే ఆయన కొట్టడు, మళ్లీ దసరా అంటాడు. అడ్వాన్సు సగం కన్నా ఎక్కువ ఇవ్వకండి. ఎస్టిమేటు మీరే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి, నవ్వుతాడు గానీ పెడతాడు. ఇంకా ఆ టింకరింగ్ కుర్రాడు సెలవులో ఉంటే బండి షెడ్డు లోపలికి కూడా తీసుకెళ్లకండి, వాడు వచ్చేదాకా ఆగండి.